మా పాటకు కూడా ఒక వేళ ఇవ్వండి: బరంపురం ఉత్సవ కమిటీలకు, సభా మందిరాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం నగరంలోని ఉత్సవ కమిటీల పెద్దలకు, తెలుగు, ఒడియా సాంస్కృతిక సంఘాల కార్యదర్శులకు, సభా మందిరాల నిర్వాహకులకు,

నమస్కారములు.

నేను ఈ నగరంలో పదహారేళ్ళుగా పాటలు కట్టి, పాడి, కీబోర్డు వాయించి బతుకుతున్నవాణ్ణి. ఏ సినిమా సంస్థకూ, ఏ ఈవెంట్ మేనేజరుకూ చెందినవాణ్ణి కాను. మా పాటలు మేమే రాసుకుంటాము, మేమే బాణీ కట్టుకుంటాము, రికార్డింగు ఖర్చు కూడా మేమే పంచుకుంటాము. నాతో కలిసి పనిచేసే ఏడుగురిలో ఇద్దరు పగలు మగ్గం నేస్తారు, ఒకరు ఆటో తోలుతారు, ఒకరు ట్యూషన్లు చెబుతారు. సంగీతం ఒక్కదానితోనే పొయ్యి వెలిగే ఇల్లు మాలో ఒక్కటీ లేదు.

ఈ లేఖను అందరి ముందు పెట్టక ముందు మా మొరను మూడుసార్లు వినిపించుకున్నాము. గత సంక్రాంతికి మమ్మల్ని పిలిచి డబ్బు బాకీ పెట్టిన సంఘానికి ఫిబ్రవరిలో తెలుగులో ఒక వినతి ఇచ్చాము. జవాబు రాకపోతే, కార్యాలయంలో తెలుగు చదివేవారు లేరేమోనని ఏప్రిల్‌లో అదే సంగతిని ఒడియాలో రాసి ఇచ్చాము. జూన్‌లో ఇంగ్లీషులో టైపు చేయించి పోస్టులో పంపాము. అందినట్టు సంతకంతో రసీదు వచ్చింది గాని సమాధానం రాలేదు. ఆ సంఘం పేరు గాని, అందులోని పెద్దల పేర్లు గాని నేను ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఇద్దరి మధ్య తగాదాగా మిగిలిపోతుంది, మిగిలిన కమిటీల వారు మాకేమీ సంబంధం లేదని తప్పుకుంటారు. మాకు జరిగినది ఈ ఊళ్ళో ఏ వేదిక వెనక నిలబడ్డా కనిపించే ఆనవాయితీయే గనుక మీ అందరినీ ఉద్దేశించి రాస్తున్నాను.

ముందుగా జరిగినది చెబుతాను. గత సంక్రాంతి సంబరాలకు నగరంలోని ఒక సంఘం మా బృందాన్ని పిలిచింది. రాత్రి 7 గంటల నుంచి 8.30 వరకు కార్యక్రమం, సగం సినిమా పాటలు, సగం మా సొంత పాటలు, ఎనిమిది మందికీ కలిపి 24,000 రూపాయలు అని నోటిమాటగా కుదిరింది. 5,000 అడ్వాన్సు ఇచ్చారు. మేము మూడు సాయంత్రాలు గది అద్దెకు తీసుకొని రిహార్సల్ చేసుకున్నాము. కార్యక్రమం రోజున సాయంత్రం 4 గంటలకే సామాన్లతో వేదిక దగ్గరికి చేరాము. 5.30కి విశాఖపట్నం ఆర్కెస్ట్రా వారు వచ్చి సౌండ్ చెక్ మొదలుపెట్టారు, అది 7 దాకా సాగింది. వారిని తప్పుపట్టను, వారి పని వారు చేసుకున్నారు. ఆ తరువాత దీపప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, సన్మానాలు. మమ్మల్ని 8.50కి వేదిక ఎక్కించారు. ఎవరి మైకు ఎంత పలుకుతుందో తెలియకుండానే మొదటి పాట పాడాము, అది మా సొంత పాట. రెండో పాట పల్లవి అందుకోగానే ఒక కుర్రవాడు చీటీ తెచ్చి కీబోర్డు మీద పెట్టాడు. సొంత పాటలు చాలు, ఒక హిట్ పాట పాడి దిగండి అని అందులో ఉంది. 9.10కి దిగాము. దిగుతూ ఉండగా మెట్ల మీదే ఒక్కొక్కరికీ శాలువా కప్పారు. మిగిలిన డబ్బు లెక్కలు తేలాక ఇస్తామన్నారు. ఆ లెక్కలు ఇప్పటికీ తేలలేదు.

ఖర్చు కూడా చెప్పాలి, ఎందుకంటే పాటకు ఖర్చేమిటి, గొంతే కదా అని అడిగేవారు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. సామాన్లకు వ్యాను 2,500, రెండో కీబోర్డు అద్దె 1,500, రిహార్సల్ గదికి మూడు రోజులకు 1,800, వెరసి 5,800. చేతికి వచ్చినవి 5,000. ఎనిమిది మందిమి నాలుగు రోజులు పనిచేసి పైగా 800 రూపాయలు మా జేబుల్లోంచి వేసుకున్నాము. అడిగినదంతా ఇచ్చి ఉంటే ఖర్చులు పోను తలకు 2,275 రూపాయలు వచ్చేవి. నాలుగు రోజుల పనికి అది పెద్ద మొత్తమేమీ కాదు. శాలువాల మాటకు వస్తే, మా ఇంట్లో ఇప్పటికి పదకొండు పోగయ్యాయి. మా అమ్మ వాటిలో నాలుగింటిని కలిపి కుట్టి చలికాలానికి బొంత చేసింది.

ఈ తీరు వల్ల ఎవరికి ఏమి నష్టం జరుగుతున్నదో ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. చెప్పిన డబ్బు చెప్పిన నాటికి రాకపోతే ముందుగా దెబ్బ తినేది పాడేవాడు కాడు, పక్కన కూర్చుని వాయించేవాడు. పాటగాడికి కనీసం పేరు వస్తుంది, రేపు ఇంకెవరో పిలుస్తారన్న ఆశ ఉంటుంది. ఢోలక్ వాయించేవాడి పేరు పోస్టరులో ఉండదు. మా ఢోలక్ వాయిద్యకారుడు పన్నెండేళ్ళు మాతో ఉన్నాడు. చికిటి వైపు పల్లెలో ఇల్లు, నేత పని తగ్గిపోయాక కార్యక్రమాలనే నమ్ముకున్నాడు. సంక్రాంతి డబ్బు ఫిబ్రవరిలో వస్తుందని, కాదు మార్చిలో వస్తుందని నేనే అతనికి చెబుతూ వచ్చాను. ఏప్రిల్‌లో అతను సూరత్ రైలెక్కాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళే వేలమందిలో ఒకడు ఎక్కువయ్యాడని మీకు అనిపించవచ్చు. మాకు మాత్రం ఏడు పాటలు ఆగిపోయాయి. ఆ తాళాలు అతని చేతికి పట్టినట్టు ఇంకొకరి చేతికి పట్టడానికి కనీసం ఒక ఏడాది పడుతుంది. అతను ఫోను చేసినప్పుడు వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, అందులో కూడా లయ ఉందన్నా అంటాడు. నవ్వడానికే అంటాడు గాని నాకు నవ్వు రాదు.

సౌండ్ బాక్సులు మోసే కుర్రవాళ్ళు, లైట్లు కట్టేవారు, జనరేటరు దగ్గర తెల్లవార్లూ కూర్చునేవాడు, వీరందరి కూలీ కూడా ఆ తేలని లెక్కల్లోనే ఉంటుంది. పండగ అయిన మరునాడు టెంట్ హౌస్ వారికి డబ్బు ముడుతుంది, ఎందుకంటే వారు గుడారం విప్పకుండా కూర్చోగలరు. మేము పాడేసిన పాటను వెనక్కి తీసుకోలేము.

2. వేళ సంగతి. శబ్ద కాలుష్య నియంత్రణకు 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలించవచ్చు. అంతకు మించి లేదు. ఆ నియమం మంచిదే, వృద్ధులు, పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఆసుపత్రుల్లో ఉన్నవారు ఉన్న ఊరు ఇది. మేము ఆ నియమాన్ని సడలించమని అడగడం లేదు. 10 గంటలకు ఆపాలని ఆరు నెలల ముందే తెలిసిన కమిటీ, 6 గంటలకు మొదలుకావలసిన సభను 7.15కి మొదలుపెట్టి, ముగ్గురు మాట్లాడవలసిన చోట తొమ్మిది మందిని మాట్లాడించి, ఆ ఆలస్యాన్నంతా స్థానిక బృందం నెత్తిన వేయడమే మా అభ్యంతరం. అతిథి ప్రసంగం ఒక్క నిమిషం తగ్గదు. దూరం నుంచి వచ్చిన బృందం వేళ తగ్గదు, వారికి ముందే డబ్బు కట్టారు గనుక. తగ్గేది మా వేళ. గంటన్నర ఇరవై నిమిషాలైంది.

డీజే గురించి ఒక్క మాట. నివాస ప్రాంతాల్లో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఊరేగింపులో బండి మీద పేర్చిన బాక్సులు ఎంత మోగుతాయో ఇంట్లో అద్దాలు అదిరిన ప్రతి గృహస్థుకూ తెలుసు. దాన్ని ఎవరూ ఆపరు. తబలా, వయొలిన్ ఉన్న వేదిక దగ్గరికి మాత్రం 9.45కే ఎవరో ఒకరు గడియారం చూపిస్తూ వస్తారు.

3. మా సొంత పాట. దీని గురించి ఎక్కువ చెప్పవలసి ఉంది, ఎందుకంటే డబ్బు కంటే ఇదే మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది.

తెలుగు సంఘాల వేదిక మీద మా పాట పాడితే, ఇందులో ఒడియా మాటలున్నాయి, అచ్చమైన తెలుగు కాదు అంటారు. ఒడియా కమిటీ దగ్గరికి వెళితే, తెలుగు పాట మా జనానికి ఎక్కదు అంటారు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళితే, మీరు ఒరిస్సా వాళ్ళు కదా, మా వేదిక మీద మా పిల్లలకు అవకాశం ఇవ్వాలి అంటారు. పాతిక కిలోమీటర్ల దూరంలో మూడు తిరస్కారాలు. అదే ఒడియా కమిటీ వేదిక మీద బయటి నుంచి వచ్చిన మెలోడీ బృందం తెలుగు సినిమా పాట ఎత్తుకుంటే కుర్చీలు వదిలి గంతులు వేసినవారిని నేను వేదిక పక్క నుంచి చూశాను. భాష అడ్డం కాలేదు. పాట కొత్తది కావడం, పాడేవాడు పక్క వీధివాడు కావడం అడ్డమైంది.

మా పాట ఎందుకు అలా ఉంటుందో చెప్పుకోవలసి రావడం కొంచెం చిన్నతనంగానే ఉంది, అయినా చెబుతాను. ఈ ఊళ్ళో తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. రెండేళ్ళకొకసారి జరిగే ఠాకూరాణి యాత్రలో అమ్మవారిని ఆడపడుచుగా పుట్టింటికి తెచ్చుకునేది దేరా అనే నేత కులానికి పెద్ద అయిన దేశి బెహరా వీధికి. పట్టు నేసే దేరా ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట వినిపిస్తుంది. భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టినది ఈ ఊళ్ళోనే. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, బడా బజారులో బేరం ఏ భాషలో మొదలై ఏ భాషలో ముగుస్తుందో బేరమాడేవారికే తెలియదు. అటువంటి వీధిలో పుట్టిన పాట పల్లవి తెలుగులో ఎత్తుకుని చరణంలో రెండు ఒడియా మాటలు పలికితే అది కల్తీ ఎలా అవుతుంది? మా అమ్మ మగ్గం దగ్గర పాడుకునే మాటలనే నేను పాటగా కట్టాను. వాటిని విజయవాడ తెలుగులోకి మార్చమంటే అది మా అమ్మ పాట కాదు.

సంగీతం విషయంలోనూ ఈ గడ్డ ఎప్పుడూ ఇలాగే ఉంది. ఒడియాలో చంపూ పాటలు కూర్చిన కవిసూర్య బలదేవ రథ్ ఈ ప్రాంతపు కవే, ఆ చంపువును ఇప్పటికీ పాడుతున్నారు. గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుతో వచ్చింది. ఆ జలంతరకోట ఈనాడు ఆంధ్రలో ఉంది, ఆట మాత్రం ఇటుపక్క బతికి ఉంది. ఆ నాటకంలో పాడే పద్ధతిని విన్నవారికి దక్షిణాది రాగాల నడక తెలిసిపోతుంది. మనకంటే ముందువారు సరిహద్దు గీతను రాగంలోకి రానివ్వలేదు. ఆనాడు కమిటీలు లేవు, అది వేరే సంగతి.

ఇంకొక చిత్రం చూడండి. జీఎస్టీ నియమాల్లో శాస్త్రీయ, జానపద కళారూపాల ప్రదర్శనకు పారితోషికం 1,50,000 రూపాయల లోపు ఉంటే పన్ను మినహాయింపు ఉంది. మా సంపాదన నమోదుకు కావలసిన 20 లక్షల గడప దరిదాపులకు కూడా రాదు గనుక ఆ పన్ను బెడద మాకు లేదు. కాని ఆ రెండు మాటలు గమనించండి: శాస్త్రీయం, జానపదం. కమిటీల దరఖాస్తుల్లో కూడా ఈ రెండు గడులు, పక్కన సినిమా అనే మూడోది ఉంటాయి. ఈనాటి మనిషి ఈనాటి బతుకు మీద కట్టిన కొత్త పాటకు నాలుగో గడి లేదు. నేను ప్రతిసారీ జానపదం దగ్గర టిక్కు పెడుతున్నాను. అది అబద్ధమని నాకు తెలుసు, తీసుకునే గుమాస్తాకూ తెలుసు.

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమందరం గర్వపడ్డాము. వేరే ఊరి చీరను బరంపురం పట్టు అని అమ్మితే ఊరుకోము. ఆ చీరలు కట్టుకుని వచ్చినవారి ముందు ఈ ఊళ్ళో పుట్టిన పాట ఒక్కటైనా పాడనివ్వడానికి అభ్యంతరమేమిటో పెద్దలు చెప్పాలి.

4. వీడియోలు. సంక్రాంతి నాటి మా ఇరవై నిమిషాలను కమిటీ వీడియోగ్రాఫరు చిత్రించి ఒక యూట్యూబ్ ఛానల్‌లో పెట్టాడు. మమ్మల్ని అడగలేదు, మా పేర్లు వేయలేదు, పాట రాసినవారెవరో చెప్పలేదు. కింద ఒకరు ఇది ఏ సినిమాలోది అని అడిగారు. 1957 నాటి కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కు అనేది ఒకటి ఉంది. ప్రదర్శనను రికార్డు చేయడానికీ, దాన్ని జనంలోకి పంపడానికీ కళాకారుడి అనుమతి కావాలి, ఆ హక్కు 50 ఏళ్ళు నిలుస్తుంది. ప్రదర్శించినది ఫలానావారని గుర్తింపు కోరే హక్కు కూడా అదే చట్టంలో ఉంది. ఇక పాట రాసి బాణీ కట్టినవారి హక్కు వారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్ళు. మేము ఎవరి మీదా దావా వేయదలచుకోలేదు, వకీలుకు ఇచ్చే డబ్బుంటే రెండు పాటలు రికార్డు చేసుకుంటాము. కానీ చట్టం తెలియదు అనే జవాబు ఇకపై చెల్లదని తెలియజేయడానికి రాస్తున్నాను.

హిట్ పాటలే కావాలనే కమిటీలు ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. పెళ్ళి వేడుకలకూ, నిజమైన మతపరమైన కార్యక్రమాలకూ చట్టం మినహాయింపు ఇచ్చింది గాని, మందిరంలో టికెట్టు పెట్టి జరిపే సినీ సంగీత విభావరికి ఆ మినహాయింపు లేదు. రచయితల, సంగీత దర్శకుల తరఫున రుసుము వసూలు చేయడానికి 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ వంటి సంస్థలు ఉన్నాయి. ఏ సంస్థకూ అప్పగించని మా సొంత పాటను మేము పాడితే మీరు ఎవరి దగ్గరికీ లైసెన్సు కోసం వెళ్ళనవసరం లేదు.

5. మీకు వేదిక ఎందుకు, ఫోనులో పెట్టుకోండి, ప్రపంచమంతా వింటుంది అన్న సలహా మాకు తరచుగా వస్తుంది. పెట్టుకున్నాము. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానికి తోడు ఏడాదిలో 4,000 గంటల వీక్షణం గాని, పొట్టి వీడియోలకు 90 రోజుల్లో కోటి వీక్షణలు గాని రావాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను గడచిన 12 నెలల్లో 1,000 సార్లు వినకపోతే ఆ పాటకు ఒక్క పైసా లెక్కకట్టరు. మా పదిహేను పాటల్లో ఆ గడప దాటినవి రెండు. ఆ రెండూ ఎలా దాటాయో గమనించాను. గోపాలపురం తీరంలో ఒక చిన్న సభలో, తరువాత ఒక కాలేజీ పిల్లల కార్యక్రమంలో పాడిన పాటలవి. ఎదురుగా కూర్చుని విన్నవారే ఇంటికి వెళ్ళి ఫోనులో వెతుక్కున్నారు. వేదిక లేనివాడి పాటను ఫోను వెతికి పెట్టదు.

6. సభా మందిరాలు. కమిటీలు వద్దంటే మేమే వంద మందిని పోగుచేసి, తలకు 100 రూపాయల టికెట్టు పెట్టి పాడుకుందామనుకున్నాము. ఒక మందిరంలో రోజు అద్దె, కరెంటు, ఊడ్పు ఖర్చుతో కలిపి 18,000 చెప్పారు. వంద టికెట్లు అమ్ముడైనా వచ్చేది 10,000. పెళ్ళికి ఎంత అద్దెనో రెండు గంటల కచేరీకీ అంతే. ఆ మందిరం మంగళ, బుధవారాల్లో తాళం వేసి ఉంటుందని దాని ముందు టీ కొట్టు నడిపే అతనే చెప్పాడు. తలుపులు మూసిన మందిరం లోపలికే వినిపించే శబ్దానికి రాత్రి 10 నియమం ఆరుబయట వేదికకు వర్తించినట్టు వర్తించదు కూడా. ఖాళీగా ఉండే సాయంత్రాన్ని గంటల లెక్కన ఇస్తే మందిరానికి నష్టం ఎక్కడిదో మాకు అర్థం కాలేదు. అక్కడి మేనేజరు మర్యాదస్తుడు, కూర్చోబెట్టి మాట్లాడాడు, గంటల లెక్క పద్ధతి లేదన్నాడు. పద్ధతి పెట్టడం అతని చేతిలో లేదు గనుకనే మీకు రాస్తున్నాను.

7. మా బృందంలో పాడే అమ్మాయిలు ఇద్దరున్నారు. వేళ జరిగిన ప్రతి రాత్రీ వారిని ఎవరు దింపాలన్న ప్రశ్న వస్తుంది. ఒకరిది హింజిలి, ఆఖరి బస్సు పోతే వాళ్ళ నాన్న మోపెడ్ మీద రావాలి. సంక్రాంతి తరువాత ఆ తండ్రి ఇక పంపనన్నాడు. ఆయనకు నేను చెప్పగలిగిన సమాధానం లేదు.

ఇవి మా కష్టాలు. ఇక మా కోరికలు. వీటిలో దేనికీ కొత్త నిధులు అక్కరలేదు, వసూలైన చందాలోనే సరిపోతాయి.

(అ) ముందుగా, బకాయిలు. మాకు రావలసినవి 19,000 రూపాయలు. మా ఒక్కరివే కాదు, గడచిన ఏడాదిలో ఏ స్థానిక కళాకారుడికి ఎంత బాకీ ఉన్నదో ప్రతి కమిటీ తన లెక్కలు చూసుకుని దసరాలోపు చెల్లించాలి.

(ఆ) పిలిచేటప్పుడు ఒక్క కాగితం రాయాలి. వేళ, ఎంతసేపు, ఎంత డబ్బు, ఎన్ని సొంత పాటలు అన్నవి అందులో ఉండాలి. సగం అడ్వాన్సు, మిగిలిన సగం వేదిక దిగేలోపు. కమిటీ వల్ల ఆలస్యమై వేళ తగ్గితే డబ్బు తగ్గించరాదు. పది వాక్యాల ఒప్పంద పత్రాన్ని తెలుగులోనూ, ఒడియాలోనూ మేమే రాసి సిద్ధంగా పెట్టాము, కోరినవారికి ఇస్తాము.

(ఇ) మూడు రోజులకు మించి జరిగే ప్రతి ఉత్సవంలోనూ ఒక సాయంత్రం 7 గంటల నుంచి 8 వరకు ఈ జిల్లా కళాకారుల సొంత పాటలకు కేటాయించాలి. అది మాకే ఇవ్వాలని కాదు. దిగపహండి నుంచి, అస్కా నుంచి ఎవరు వచ్చినా ఇవ్వండి. భాష తెలుగా, ఒడియానా, రెండూ కలిసినదా అని అడగకూడదు. దరఖాస్తులో నాలుగో గడి పెట్టండి, మేము అబద్ధం రాయడం మానేస్తాము.

(ఈ) సౌండ్ చెక్ వేళలను ముందురోజే వేదిక వెనక అతికించాలి. ప్రతి బృందానికీ కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి.

(ఉ) పోస్టరులోనూ, వీడియోలోనూ వాయిద్యకారులతో సహా అందరి పేర్లూ వేయాలి. వీడియోను ఎక్కడైనా పెట్టాలంటే ముందుగా అడగాలి. ఇప్పటికే పెట్టినదాని కింద పేర్లు చేర్చడానికి పది నిమిషాలు చాలు.

(ఊ) మందిరాల నిర్వాహకులు, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో చిన్న కచేరీలకు గంటల లెక్కన అద్దె నిర్ణయించి ఆ ధరను గోడ మీద రాయాలి.

(ఋ) స్త్రీ కళాకారులున్న బృందాన్ని 9 గంటలలోపు ముగించేలా ఉంచాలి, లేదా ఇంటికి చేర్చే బాధ్యతను కమిటీ తీసుకోవాలి.

ఈ లేఖ కింద నాతోపాటు ముప్పైయొక్క మంది వాయిద్యకారులు, గాయకులు సంతకం చేసిన ప్రతిని కమిటీలకు విడిగా అందజేస్తున్నాము. వారిలో కొందరు మీ వేదికల మీద ఇప్పటికే దసరాకు ఒప్పుకున్నవారు. వారి పేర్లు చూసి ఆ కార్యక్రమాలు రద్దు చేస్తారేమోనన్న భయంతో ఇక్కడ ప్రకటించడం లేదు. అలాంటి భయం పెట్టుకోవలసి రావడం మీకూ గౌరవం కాదు.

సంతకం చేసినవారందరం ఒక నిర్ణయానికి వచ్చాము. వచ్చే సంక్రాంతి నుంచి రాతపూర్వకమైన ఒప్పందం లేని వేదికను మేము ఎక్కము. ప్రధాన బృందం రావడం ఆలస్యమైందని, కాసేపు జనాన్ని కూర్చోబెట్టమని అప్పటికప్పుడు ఫోను చేసినా రాము. ఠాకూరాణి అమ్మవారి ముందు పాడమంటే మాత్రం డబ్బు మాట ఎత్తకుండా వస్తాము, ఎప్పుడూ వచ్చాము, అది మొక్కు. మొక్కునూ కూలినీ కలిపి చూడవద్దని మనవి.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో సమాధానం కోరుతున్నాము. సమావేశానికి పిలిస్తే నలుగురం వస్తాము, లెక్కల కాగితాలు తెస్తాము. ఉత్తరమే రాయదలిస్తే తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా, ఇంగ్లీషులో రాసినా మేము చదువుకోగలము.

ఇట్లు,
బరంపురం, గంజాం జిల్లా నుంచి
ఒక స్వతంత్ర పాటగాడు, తోటి కళాకారుల తరఫున